ఎగరేసే ముందు ఒక పేజీ లెక్క

మధిర, బోనకల్, ఎర్రుపాలెం, వైరా వైపు బడుల్లో సైన్సు చెప్పే ఉపాధ్యాయులు, ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ పిల్లలకు ఏరోమోడలింగ్ నేర్పాలనుకునేవారు, ఐటీఐ గానీ డిప్లొమా గానీ చేసి డ్రోన్ల కంపెనీలోనో విమాన విడిభాగాల కర్మాగారంలోనో చేరాలని చూస్తున్న యువతీ యువకులు... ఈ వ్యాసం మీ అందరి కోసం. చెప్పదలచుకున్నది ఒక్కటే. కంట్రోల్ లైన్ మోడల్ విమానాన్ని ఎగరేసే ముందు దాని ఎలివేటర్ మీద, ఫ్లాపుల మీద గాలి ఎంత బలం చూపుతుందో, ఆ బలాన్ని గెలిచే శక్తి తీగల్లో ఉందో లేదో ఒక పేజీలో లెక్క వేసుకోండి. పదో తరగతి గణితం చాలు. ఆ పేజీ మీ విమానాన్ని కాపాడుతుంది. రేపు ఉద్యోగంలోనూ అక్కరకొస్తుంది.

ఈ విమానం ఎలా పనిచేస్తుంది

కంట్రోల్ లైన్ విమానానికి రేడియో ఉండదు. ఎగరేసేవాడు మధ్యలో నిలబడి హ్యాండిల్ పట్టుకుంటాడు. హ్యాండిల్ నుంచి రెండు సన్నని ఉక్కు తీగలు విమానం దాకా వెళతాయి. విమానం అతని చుట్టూ వలయంగా తిరుగుతుంది. 1940లలో అమెరికాలో జిమ్ వాకర్ తన ‘ఫైర్‌బాల్’ మోడల్‌తో ఈ పద్ధతిని బాగా ప్రచారంలోకి తెచ్చాడు. మన దేశంలో ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ శిక్షణలో ఏరోమోడలింగ్ ఒక భాగం. అఖిల భారత వాయు సైనిక్ క్యాంపులో కంట్రోల్ లైన్ విమానాలు ఎగరేసే పోటీలూ జరుగుతాయి.

రెక్కలో బెల్‌క్రాంక్ అనే చిన్న మీట ఉంటుంది. రెండు తీగలూ దాని రెండు చివరలకు తగులుకుంటాయి. మణికట్టు వంచితే ఒక తీగ ముందుకు వస్తుంది, రెండోది వెనక్కి పోతుంది, బెల్‌క్రాంక్ తిరుగుతుంది. దానికి తగిలించిన పుష్‌రాడ్ అనే కడ్డీ, రెక్క వెనక అంచున ఉండే ఫ్లాపుల హార్న్‌ను, అంటే పలకకు బిగించిన చిన్న మీటను తిప్పుతుంది. అక్కడి నుంచి మరో పుష్‌రాడ్ తోకలోని ఎలివేటర్‌ను తిప్పుతుంది. విన్యాసాలు చేసే స్టంట్ విమానాల్లో ఎలివేటర్ పైకి లేస్తే ఫ్లాపులు కిందికి దిగుతాయి.

ఇక్కడ కొత్తవాళ్లు పట్టుకోవలసిన సంగతి ఒకటుంది. తీగ లాగగలదే తప్ప నెట్టలేదు. వలయంలో తిరిగే విమానం బయటికి లాగే బలమే తీగల్ని బిగుతుగా ఉంచుతుంది. ఆ బిగువును ఒక తీగలో కొంత పెంచి, రెండో తీగలో అంతే తగ్గించడం వరకే మన చెయ్యి చేసే పని. అలా తగ్గించుకుంటూ పోగా రెండో తీగ పూర్తిగా వదులైందంటే, ఆపైన ఎలివేటర్ ఒక్క డిగ్రీ కూడా కదలదు. ఎంత కండబలం ఉన్నవాడు పట్టుకున్నా అంతే. అమెరికాలో ‘వైల్డ్ బిల్’ నెట్‌జెబాండ్ ఈ హద్దును గురించి రాశాడు. అందుకే స్టంట్ ఫ్లయర్లు దీన్ని ‘నెట్‌జెబాండ్ గోడ’ అంటారు. మన లెక్క అంతా ఆ గోడకు మనం ఎంత దూరంలో ఉన్నామో తెలుసుకోవడానికే.

మొదటి మెట్టు: వేగం

ఉదాహరణకు ఒక విమానం తీసుకుందాం. బరువు 1.2 కిలోలు. హ్యాండిల్ నుంచి విమానం మధ్య వరకు 18 మీటర్లు. మొబైల్‌లోని స్టాప్‌వాచ్‌తో ఒక చుట్టుకు పట్టే సమయం చూస్తే 5 సెకన్లు. ఒక్క చుట్టు కొలిస్తే తప్పు రావచ్చు. అయిదు చుట్లు కొలిచి అయిదుతో భాగించండి.

చుట్టు పొడవు 2 × 3.14 × 18, అంటే 113 మీటర్లు. దాన్ని 5తో భాగిస్తే సెకనుకు 22.6 మీటర్లు. గంటకు సుమారు 81 కిలోమీటర్లు.

రెండో మెట్టు: గాలి ఒత్తిడి

గాలి సాంద్రతలో సగాన్ని వేగం వర్గంతో గుణిస్తే వచ్చేదే గాలి ఒత్తిడి. పుస్తకాల్లో సాంద్రతను ఘనపు మీటరుకు 1.225 కిలోలుగా ఇస్తారు. అది సముద్రమట్టం దగ్గర, 15 డిగ్రీల చల్లని గాలికి. మధిరలో మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడిలో సాంద్రత 1.13 దగ్గరికి పడిపోతుంది. ఎండాకాలం లెక్కకు 1.13, డిసెంబరు పొద్దుటి లెక్కకు 1.2 వేసుకోండి. పుస్తకపు అంకెతో ఎండాకాలం తేడా ఏడెనిమిది శాతమే గానీ, మీరు పనిచేసే చోటి అంకె వాడటం మంచి సాంకేతిక నిపుణుడి అలవాటు.

మన ఉదాహరణలో 0.5 × 1.13 × 22.6 × 22.6 అంటే చదరపు మీటరుకు 289 న్యూటన్లు. చేతికి తెలిసే కొలతలో చెప్పాలంటే చదరపు సెంటీమీటరుకు 2.95 గ్రాములు. ఇక నుంచి గ్రాములు, సెంటీమీటర్లలోనే లెక్క వేద్దాం. స్ప్రింగ్ త్రాసుతో సరిచూసుకోవడానికి అదే వీలు.

మూడో మెట్టు: కీలు మీద టార్క్

కీలు దగ్గర పలకను తిప్పడానికి కావలసిన టార్క్ నాలుగు అంకెల లబ్ధం. గాలి ఒత్తిడి, పలక వైశాల్యం, కీలు నుంచి వెనక అంచు దాకా పలక వెడల్పు, వీటికి తోడు ఒక గుణకం. బాలెన్సు ఏర్పాట్లేమీ లేని సాదా కీలున్న పలకలకు ఈ గుణకం ప్రతి డిగ్రీ వంపుకూ 0.01 దగ్గర ఉంటుంది. కాబట్టి 30 డిగ్రీలు వంచితే 0.3. రెక్క ఆకారాన్ని బట్టి, కీలు దగ్గరి సందును బట్టి ఇది అటూ ఇటూ అవుతుంది. అందుకే చివర్లో రెట్టింపు జాగా ఉంచుకుంటాం.

ఎలివేటర్ పొడవు 60 సెంటీమీటర్లు, వెడల్పు 4.5. వైశాల్యం 270. అప్పుడు 0.3 × 2.95 × 270 × 4.5, అంటే సుమారు 1,075 గ్రాము సెంటీమీటర్లు. 1.08 కిలో సెంటీమీటర్లు అనుకుందాం.

ఫ్లాపులు రెక్కకొకటి చొప్పున రెండు. ఒక్కోటి 60 సెంటీమీటర్ల పొడవు, 5 సెంటీమీటర్ల వెడల్పు. మొత్తం వైశాల్యం 600. టార్క్ 0.3 × 2.95 × 600 × 5, అంటే 2.66 కిలో సెంటీమీటర్లు.

రెండూ కలిపితే 3.74. ఇందులో ఎలివేటర్ వాటా మూడో వంతు కూడా లేదు. చాలామంది ఎలివేటర్ గురించే ఆలోచిస్తారు. అసలు భారం ఫ్లాపులది. లూప్‌లో రెక్క ముక్కు పైకెత్తి గాలిని కోస్తుంది కాబట్టి, కిందికి దిగిన ఫ్లాపును గాలి మరికాస్త పైకి నెడుతుంది. తోక సంగతి వేరు. ముక్కు పైకి తిరుగుతున్నప్పుడు తోక కిందికి దిగుతూ కింది నుంచి గాలిని ఎదుర్కొంటుంది. ఆ గాలి ఎలివేటర్‌ను మనకు కావలసిన వైపుకే తోస్తుంది. అంటే అసలు విన్యాసంలో ఫ్లాపు భారం లెక్కకన్నా పెరుగుతుంది, ఎలివేటర్ భారం తగ్గుతుంది.

నాలుగో మెట్టు: తీగల దాకా

ఫ్లాపు హార్న్ పొడవు 2.5 సెంటీమీటర్లు. ఎలివేటర్ హార్న్ కూడా అంతే. రెండూ సమానంగా వంగుతాయి. బెల్‌క్రాంక్ మీద పుష్‌రాడ్ తగిలించిన చోటు ఇరుసు నుంచి 2 సెంటీమీటర్లు. తీగలు తగిలించిన రెండు చివరల మధ్య 10 సెంటీమీటర్లు, అంటే ఇరుసు నుంచి ఒక్కోటి 5.

పుష్‌రాడ్‌లో బలం 3.74ను 2.5తో భాగిస్తే 1.5 కిలోలు. దాన్ని 2తో గుణిస్తే బెల్‌క్రాంక్ మీద 3 కిలో సెంటీమీటర్లు. దీన్ని 5తో భాగిస్తే 0.6 కిలోలు. రెండు తీగల బిగువుల మధ్య ఉండాల్సిన తేడా ఇదే. మీటలు పూర్తిగా వాలినప్పుడు వాటి పనిచేసే పొడవులు కొంత తగ్గుతాయి. ఆ సవరణ కూడా చేస్తే సుమారు 0.7 కిలోలు.

ఇక తీగల్లో ఉన్న మొత్తం బిగువు చూద్దాం. బరువును వేగం వర్గంతో గుణించి వ్యాసార్ధంతో భాగించాలి. 1.2 × 511 ÷ 18, అంటే 34 న్యూటన్లు, సుమారు 3.5 కిలోలు. కావలసిన తేడా అందులో అయిదో వంతు. ఒక తీగలో 2.1 కిలోలు, రెండో తీగలో 1.4 కిలోలు మిగులుతాయి. సమంగా ఎగురుతున్నంత సేపూ భయం లేదు.

అసలు పరీక్ష నడినెత్తిన

వేగం తగ్గితే గాలి బలమూ తగ్గుతుంది కదా, ఇబ్బందేముంటుందని అడగవచ్చు. గాలి బలం, బయటికి లాగే బలం రెండూ వేగం వర్గాన్ని అనుసరించే తగ్గుతాయి. నిజమే. విమానం బరువు మాత్రం తగ్గదు. అది నడినెత్తి మీదికి వచ్చినప్పుడు ఆ బరువంతా తీగ బిగువును తినేస్తుంది.

అక్కడ వేగం సెకనుకు 18 మీటర్లకు పడిపోయిందనుకుందాం. బయటికి లాగే బలం 21.6 న్యూటన్లు, అంటే 2.2 కిలోలు. అందులోంచి విమానం బరువు 1.2 తీసేస్తే తీగల్లో మిగిలేది ఒక్క కిలో. గాలి ఒత్తిడి 63 శాతానికి తగ్గింది కాబట్టి కావలసిన తేడా 0.7 నుంచి 0.44కు దిగింది. కింద 20 శాతంగా ఉన్న వాటా పైన 44 శాతమైంది. ఇంకా రెట్టింపు జాగా ఉంది గానీ, అంతకు మించి లేదు.

ఇదే విమానంలో 10 బదులు 7.5 సెంటీమీటర్ల బెల్‌క్రాంక్ పెడితే ఆ వాటా 58 శాతం దాటుతుంది. ఆ సమయంలో గాలి విసిరి విమానాన్ని లోపలికి నెట్టిందంటే గోడ ఎదురైనట్టే. విమానం లూప్ మధ్యలో తిరగకుండా నేల మీదికి వస్తుంది. అప్పుడు చాలామంది ఎగరేసినవాడి చేతిని తప్పుపడతారు. తప్పు చాలాసార్లు కొలతలో ఉంటుంది.

మీ లెక్కకు నియమం ఇలా పెట్టుకోండి. నడినెత్తిన కావలసిన తేడా అక్కడి మొత్తం బిగువులో సగానికి మించకూడదు. మించితే విమానాన్ని మార్చండి, ఎగరేయకండి.

ఏది మారిస్తే ఎంత లాభం

ఫ్లాపు వెడల్పు తగ్గించడం అన్నిటికన్నా ఎక్కువ ఫలితమిస్తుంది. వెడల్పు తగ్గితే వైశాల్యమూ తగ్గుతుంది, కీలు నుంచి దూరమూ తగ్గుతుంది. 5 సెంటీమీటర్ల ఫ్లాపును 4కు కోస్తే దాని టార్క్ 36 శాతం పడిపోతుంది. లిఫ్ట్ కొంత తగ్గుతుంది గనక బరువైన విమానానికి ఇది ఆలోచించి చేయాలి.

పెద్ద బెల్‌క్రాంక్ వేయడం, హార్న్ పొడవు పెంచడం కూడా భారం తగ్గిస్తాయి. అయితే బలం తగ్గిన మేర కదలిక పెరగాలి. హ్యాండిల్ దగ్గర తీగల మధ్య దూరం పెంచకపోతే ఎలివేటర్ చాలినంత వంగదు.

పుష్‌రాడ్‌ను మరచిపోవద్దు. ఎలివేటర్‌కు వెళ్లే పుష్‌రాడ్‌లో బలం 1.08ను 2.5తో భాగిస్తే 0.43 కిలోలు. సైకిల్ స్పోకంత లావు, అంటే 2 మిల్లీమీటర్ల ఉక్కు తీగను ఆధారం లేకుండా 45 సెంటీమీటర్లు వదిలితే, నెట్టినప్పుడు 0.8 కిలోల దగ్గర అది విల్లులా వంగిపోతుంది. జాగా రెండింతలు కూడా లేదు. సరిగ్గా మధ్యలో ఒక గైడు పెడితే ఆ హద్దు నాలుగింతలై 3 కిలోలు దాటుతుంది. గైడు ఖర్చు దాదాపు ఏమీ ఉండదు. నేల మీద ఎలివేటర్ కదులుతోంది గానీ గాల్లో విమానం మాట వినడం లేదని అనిపించే చోట్ల ముందుగా చూడాల్సింది ఇదే.

బల్ల మీద సరిచూడండి

కాగితం మీది అంకెను చేత్తో తూచి చూసే దాకా నమ్మకండి. సామాన్లు తూచే చిన్న వేలాడే త్రాసు ఒకటి చాలు.

1. విమానాన్ని బల్లకు కదలకుండా బిగించండి. ‘అప్’ తీగకు త్రాసు తగిలించి, ఎలివేటర్ సమంగా నిలిచేదాకా లాగి అంకె రాసుకోండి. అది రాపిడి, పలకల సొంత బరువుల లెక్క.

2. ఎలివేటర్ వెనక అంచుకు 240 గ్రాములు వేలాడదీయండి. కీలు నుంచి 4.5 సెంటీమీటర్ల దూరంలో అది 1.08 కిలో సెంటీమీటర్ల టార్క్ ఇస్తుంది. మళ్లీ లాగి అంకె రాయండి. రెండు అంకెల తేడా 170 గ్రాముల చుట్టూ రావాలి. చాలా ఎక్కువ వచ్చిందంటే ఎక్కడో కీలు పట్టేస్తోంది, లేదా పుష్‌రాడ్ రాసుకుంటోంది.

3. విమానాన్ని వెల్లకిలా తిప్పి ఫ్లాపులకు ఇదే పరీక్ష చేయండి. ఒక్కో ఫ్లాపు వెనక అంచుకు 265 గ్రాములు. అప్పుడు వచ్చే తేడా 425 గ్రాముల దగ్గర ఉండాలి. ఈ రెండు తేడాలూ కలిపితే మన లెక్కలోని 0.6 కిలోలు వస్తాయి.

4. చివరగా రెండో తీగకు కిలో బరువు తగిలించి మొదటి పరీక్ష మళ్లీ చేయండి. బిగువులో ఉన్నప్పుడు బెల్‌క్రాంక్ ఇరుసు ఎంత పట్టేస్తుందో అప్పుడే బయటపడుతుంది.

ఎగరేసే ముందు తీగల్ని లాగి చూడటం వేరే పరీక్ష. అంతర్జాతీయ స్టంట్ పోటీల్లో విమానం బరువుకు పదింతల లాగుడు పరీక్ష పెడతారు. మన విమానానికి అది 12 కిలోలు. పోటీ లేకపోయినా ఎగరేసే ప్రతి రోజూ ఈ పరీక్ష చేయండి.

ఇది ఉద్యోగానికి ఎలా పనికొస్తుంది

సర్వో మోటార్ డబ్బా మీద శక్తిని ఏ కొలతలో రాస్తారో చూడండి. కిలో సెంటీమీటర్లలోనే. మనం పైన కట్టింది సరిగ్గా ఆ అంకెనే. సర్వే కోసం వాడే రెక్కల డ్రోన్‌కు ఎలివేటర్ సర్వో ఎంచుకోమని మీకు పని అప్పగిస్తే ఇదే లెక్క వేయాలి. టార్క్ 1.08 వచ్చిందంటే రెట్టింపు జాగాతో 2.2 కావాలి. ఒకటిన్నర కిలో సెంటీమీటర్లిచ్చే 9 గ్రాముల చిన్న సర్వో అక్కడ పనికిరాదని మీరు కారణంతో సహా చెప్పగలుగుతారు. పొలాల్లో మందు చల్లే డ్రోన్లకు ఎలివేటర్ ఉండదు. అయినా మోటారు ఎంత ఎత్తగలదు, ఎంత జాగా మిగిలింది అని ముందే లెక్క వేసే అలవాటు అక్కడా కావాలి.

హైదరాబాద్ శివార్లలోని ఆదిభట్లలో టాటా, లాక్‌హీడ్ మార్టిన్ ఉమ్మడి సంస్థ సీ-130జే రవాణా విమానాల తోక భాగాలు తయారు చేస్తోంది. అంత పెద్ద తోకలోనూ కీలు మీద పడే బలానికి సూత్రం ఇదే. అక్కడ గుణకాన్ని గాలి సొరంగంలో కొలుస్తారు, మనం అంచనా వేస్తాం. తేడా అంతే. డ్రోన్ పైలట్ కావాలనుకునేవారికి 2021 డ్రోన్ నియమాల ప్రకారం 18 ఏళ్లు నిండి, పదో తరగతి పాసై ఉండాలి. డీజీసీఏ అనుమతి ఉన్న సంస్థలో శిక్షణ తీసుకోవాలి. బేగంపేటలోని ఏవియేషన్ అకాడమీలో ఈ శిక్షణ ఉంది. మధిర నుంచి కాజీపేట మీదుగా హైదరాబాద్‌కు నేరుగా రైలు దారి ఉంది. ఎన్‌సీసీ ఎయిర్ స్క్వాడ్రన్లలో ఏరోమోడలింగ్ ఇన్‌స్ట్రక్టర్ ఉద్యోగాలూ ఉంటాయి. నోటిఫికేషన్ల మీద కన్నేసి ఉంచండి.

ఇంటర్వ్యూకు విమానం ఫొటోలు మాత్రమే తీసుకెళ్లకండి. ఒక నోటు పుస్తకం తీసుకెళ్లండి. ఎడమ పేజీలో లెక్క, కుడి పేజీలో బల్ల మీద తూచిన అంకె, దాని కింద రెండింటికీ తేడా ఎందుకొచ్చిందో రెండు వాక్యాలు. ఇంగ్లిష్ తడబడినా ఫరవాలేదు. అంకెల్ని పక్కపక్కన పెట్టి, తేడాకు కారణం చెప్పగలిగిన అభ్యర్థిని పని తెలిసిన ఇంజినీరు వదులుకోడు. ఉపాధ్యాయులైతే పిల్లలతో ఇదే పుస్తకం రాయించండి. బలం, టార్క్, వృత్తాకార చలనం పాఠాలు మూడూ ఒక్క విమానంతో అయిపోతాయి.

ప్రాణం ముందు

ఈ తీగలు ఉక్కువి. కరెంటును సూటిగా చేతికి తెస్తాయి. మన పొలాల మీదుగా బోరు మోటార్లకు వెళ్లే కరెంటు లైన్లు ఎటు చూసినా ఉంటాయి. కాజీపేట–విజయవాడ రైలు మార్గం మీద 25 వేల వోల్టుల తీగ ఉంది. వీటన్నిటికీ కనీసం తీగ పొడవుకు మూడింతల దూరంలో ఎగరేయండి. అంత ఖాళీ లేకపోతే ఆ స్థలం వద్దు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఉరుము వినిపిస్తే వెంటనే దించేయండి. హ్యాండిల్‌కు మణికట్టు పట్టీ తప్పనిసరి. వలయంలోకి పిల్లలెవరూ రాకుండా బయట ఒకరు కాపలా ఉండాలి.

ఈ ఆదివారమే మీ దగ్గరున్న విమానాన్ని కొలవండి. బరువు, తీగ పొడవు, చుట్టు సమయం, ఎలివేటర్, ఫ్లాపుల కొలతలు, హార్న్, బెల్‌క్రాంక్ పొడవులు రాసుకోండి. పైన చెప్పిన నాలుగు మెట్లూ మీ అంకెలతో ఎక్కండి. నడినెత్తిన వాటా సగం దాటిందంటే ఎగరేయకుండా ఆపండి, ఫ్లాపు కోసి మళ్లీ లెక్క వేయండి. లెక్క సరిపోయిన విమానాన్నే పిల్లల చేతికివ్వండి.